మూడో పాట మధ్యలో

డ్రమ్స్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు నన్ను మొట్టమొదట అడిగేది వేగం గురించే. "మీరు ఎంత స్పీడుగా వాయించేటోళ్లు సార్?" అంటారు. నేను వాయించడం మానేసి ఏళ్లయింది. మోకాళ్లు పెడల్ తొక్కనివ్వడం లేదు, ఎడమ చెవిలో ఎప్పుడూ ఒక ఈల మోగుతూ ఉంటుంది. ఏదో ఒక అంకె చెప్పి వాళ్లను సంతోషపెట్టి పంపేస్తాను. కానీ నా ముప్పై ఏళ్ల పనిలో నాకు బాగా గుర్తున్నది వేగంగా వాయించిన రోజు కాదు. వాయించాల్సిన చోట చేతులు ముడుచుకుని కూర్చున్న రోజు. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరు చిన్నవాళ్లు, ఇంకా ఎవరినీ అంతగా నొప్పించి ఉండరు కాబట్టి మీకు చెబుతున్నాను.

అది తొంభైల చివరి కాలం. నేను చందానగర్‌లో ఒంటి గది కిరాయికి తీసుకుని ఉండేవాణ్ని. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో డ్రమ్స్ వాయించడమే నా బతుకుతెరువు. సరిగ్గా అప్పుడే కీబోర్డులోనే తాళం కూడా వాయించే మిషన్లు వచ్చాయి. మీట నొక్కితే చాలు, తెల్లారేదాకా తప్పు లేకుండా వాయిస్తుంది. దానికి భోజనం పెట్టక్కర్లేదు, ఆటోలో చోటు అక్కర్లేదు. ఆర్కెస్ట్రాల వాళ్లు నన్ను పిలవడం నెమ్మదిగా తగ్గించారు. నన్ను మిషన్‌తో పోల్చి చూడని చోటు ఒక్కటే మిగిలింది. అది మా బ్యాండ్.

మాది హెవీ మెటల్ బ్యాండ్. బ్యాండ్ అనగానే మా ఇంటి ఓనరు పెళ్లి ఊరేగింపు మేళం అనుకుని, "బూరలు ఏడున్నయి?" అని అడిగాడు. గిటార్లు గర్జిస్తాయి, గాయకుడు గొంతు చించుకుని పాడతాడు, వెనకాల నేను ఇల్లు కూలుతున్నట్టు వాయిస్తాను అని చెప్తే, "దేనికి?" అన్నాడు. నలుగురం ఉండేవాళ్లం. గిటారిస్టు కోస్తా నుంచి వచ్చి కంప్యూటర్ కోర్సులు చెప్పేవాడు. బేస్ గిటార్ వాయించేవాడు పక్క బస్తీవాడే, మోటార్లు చుట్టే షాపులో పని. ఆదివారం పొద్దున ఒక పిండిగిర్ని వెనక రేకుల షెడ్డులో మా సాధన. గిర్ని నడుస్తున్నంతసేపే వాయించేవాళ్లం, ఆ మోతలో మా మోత కలిసిపోయేది. అది ఆగితే మేమూ ఆగేవాళ్లం.

నాలుగోవాడు మా గాయకుడు. మియాపూర్‌లో ఉండేవాడు, బస్సుల మెకానిక్. రోజంతా ఇంజన్ల కింద పడుకుని, ఆ మోతను మించి అరిచి పానా అడిగి అడిగి అతని గొంతు అలా తయారైంది. పదేళ్ల స్నేహం మాది. అయినా కూర్చుని మాట్లాడుకున్నది తక్కువ. డ్రమ్స్ వాయించేవాడికి గాయకుడి ముఖం కనిపించదు, వీపే కనిపిస్తుంది. అతని భుజాలు కొంచెం పైకి లేస్తే ఊపిరి తీసుకుంటున్నాడని నాకు తెలిసేది. ఆ ఊపిరి పూర్తయ్యేలోగా నా వరస దెబ్బలు ముగించి అతనికి దారి ఇచ్చేవాణ్ని. మా స్నేహం అంతా దాదాపుగా అంతే. నాకు అది చాలనిపించేది.

ఇంగ్లీషు పాటలతోపాటు అతను రాసిన తెలుగు పాటలు నాలుగైదు ఉండేవి. అందులో మాకు పేరు తెచ్చింది బండల పాట. అప్పట్లో మాదాపూర్ దారి పొడవునా రోజూ బండలు పేల్చేవారు. అద్దాల బిల్డింగులు లేవాలంటే అవి పోవాలి కదా. మధ్యాహ్నం విజిల్ ఊదేవారు, బస్సులు ఆపేవారు, ఢామ్మని పేలేది, దుమ్ము దిగాక బస్సులు మళ్లీ కదిలేవి. అలా ఆగిన బస్సులో కూర్చుని రాశాడట. "ఈ దెబ్బ ఎవరిది, ఈ బండ ఎవరిది" అని ఎత్తుకుంటే మా వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి.

ఒక ఆదివారం సాధనలో అతను పాట మధ్యలో ఆగి, జేబురుమాలులో ఉమ్మి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మడిచిన తీరు చూసి రక్తమేమోనని నాకు అనుమానం వచ్చింది. ఇంకో మూడు వారాలు అలాగే పాడాడు. చివరికి దవాఖానకు తీసుకెళ్తే గొంతులో కండ పెరిగిందన్నారు. ఆపరేషన్ చేశారు. బాగానే జరిగింది, ప్రాణానికి ఫికర్ లేదన్నారు. ఆరు నెలలు మాట్లాడకూడదు, ఆ తర్వాత మెల్లగా మాట వస్తుంది, పాట సంగతి మాత్రం మరిచిపోవాలి అన్నారు.

ఆపరేషన్ రోజు నేను వెళ్లాను. మంచం పక్కన అరగంట నిలబడ్డాను. అతను మాట్లాడకూడదు. నాకేమో మాట్లాడటం రాదు. వాయించడానికి అక్కడ ఏమీ లేదు. "మల్ల వస్త" అని చెప్పి వచ్చేశాను.

మళ్లీ వెళ్లలేదు. మొదటి వారం పని ఉందనుకున్నాను. రెండో వారం, వెళ్లి ఏం చెయ్యాలి అనుకున్నాను. నెల దాటాక, ఇన్నాళ్లు రానిది ఇప్పుడెందుకు వచ్చావంటాడేమోనని భయం. చందానగర్ నుంచి మియాపూర్ నడిచిపోయేంత దూరమేనని మీకు తెలుసు. ఆ దూరం నాలుగు నెలలు దాటలేకపోయాను.

కొత్త గాయకుడి కోసం వెతికాం. ముగ్గురు వచ్చి వెళ్లిపోయారు. ఒకడు రెండు పాటలకే గొంతు పోగొట్టుకుని మమ్మల్ని తిట్టాడు. నాలుగో ఆదివారం ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయి. వాళ్లది మెదక్ వైపు పల్లె. తండ్రి మాదాపూర్‌లో కడుతున్న బిల్డింగుకు వాచ్‌మన్, అక్కడే ఒక గదిలో కాపురం. అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పింది హెడ్‌ఫోన్లలో విని టైపు చేసే కంపెనీలో ఆమెకు ఉద్యోగం.

"ఈ పాటలు నీకెందుకమ్మా?" అని అడిగాడు బేస్ గిటార్ అతను.

"దినమంత వేరేటోళ్ల గొంతులే వింటనన్నా. ఎనిమిది గంటలు. నా గొంతు నాకే ఇనవడక చాన దినాలైంది."

ఏ పాట వచ్చని అడిగితే, మీ పాటలే వచ్చు, ఒకరు క్యాసెట్ ఇచ్చారు అంది. ఎవరని మేము అడగలేదు. బండల పాట ఎత్తుకుంది. మొదటి చరణం అయ్యేసరికి గిటారిస్టు వాయించడం మరిచిపోయి చూస్తున్నాడు. ఆమె గొంతు అతని గొంతులా లేదు. అతనిది బండ మీద సమ్మెట పడ్డట్టు ఉండేది. ఆమెది లోపల్నుంచి బండ పగిలినట్టు ఉంది. ఈ పోలిక ఇప్పుడు చెబుతున్నాను గానీ, ఆ రోజు నేనన్నది వేరు.

"ఆడపిల్ల గొంతుకు ఇది పడదు" అన్నాను, ఆమె బయటకు వెళ్లాక.

"మనకింకెవరున్నారండీ?" అన్నాడు గిటారిస్టు. "అయినా మీరు విన్నారా, లేదా? నిజం చెప్పండి."

విన్నాను. అందుకే కోపం వచ్చింది.

ఆమె వచ్చాక మేం ముగ్గురం మా పాటలే మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఆమె గొంతుకు శ్రుతి మార్చాలి. శ్రుతి మారితే గిటార్ మీద వేళ్ల చోట్లన్నీ మారతాయి. గిటారిస్టు రెండు వారాలు చిన్నపిల్లాడిలా తడబడ్డాడు, కానీ ఒక్క మాట విసుక్కోలేదు. ఇంత చేసినవాళ్లం ఒక సంగతి మాత్రం చూడలేదు. మైకు స్టాండు పాత గాయకుడి ఎత్తుకే ఉంది. అతను ఆరడుగుల మనిషి. ఆమె మెడ పైకెత్తి, కాలి మునివేళ్ల మీద లేచి పాడేది. మూడో ఆదివారం తనే మర తిప్పి కిందికి దించుకుంది. గిటారిస్టు తల దించుకున్నాడు. నాకు మాత్రం, మా వాడి స్టాండు ముట్టుకుందే అనిపించింది. మనిషి బుద్ధి ఎంతకు దిగుతుందో చూడండి.

అసలు తగువు ఊపిరి దగ్గర వచ్చింది. ఆమె చరణానికి ముందు కాకుండా, మొదటి మాట పలికాక ఊపిరి తీసుకునేది. నా దెబ్బలు పాత లెక్కలో ముగిసేవి. ప్రతిసారీ నా దెబ్బ ముందుపడేది, ఆమె మాట వెనకపడేది. వినేవాళ్లకు ఆమే తప్పినట్టు ఉండేది.

"అన్నా, ఆడ జర ఆగి కొడ్తవా? నాకు దమ్ము అందుతలేదు" అని అడిగింది ఒక రోజు.

"అది అట్లనే ఉంటది. మొదటిసంది అట్లనే ఉంది" అన్నాను.

"సరే అన్నా" అని నీళ్లు తాగడానికి వెళ్లింది.

ఆమె నన్ను అన్నా అని పిలిచేది. నేను ఆమెను ఏమనీ పిలవలేదు. పిలవాల్సి వస్తే కర్రతో డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి తాళం పళ్లెం మీద ఒక దెబ్బ వేసేవాణ్ని, ఆమె చూసేది. ఇదంతా స్నేహితుడి పట్ల విశ్వాసం అనుకున్నాను. వాడి చోటు కాపాడుతున్నాననుకున్నాను. వాణ్ని మళ్లీ ఒక్కసారైనా పోయి చూడని నేను.

అప్పుడు మాదాపూర్‌లో ఒక కంపెనీ వార్షికోత్సవానికి పిలుపు వచ్చింది. కొత్త బిల్డింగు, ముందు ఖాళీ జాగాలో స్టేజి. ఇది బాగా జరిగితే ఆ చుట్టుపక్కల లేస్తున్న కంపెనీలన్నీ పిలుస్తాయని గిటారిస్టు ఆశ. జరగకపోతే బ్యాండ్ మూసేసుకుందాం అని కూడా అన్నాడు. అతనికి వేరే ఊళ్లో ఉద్యోగం చూసిపెట్టారు. నాకు మూసేసుకుంటే వెళ్లడానికి వేరే చోటు లేదు. అయినా ఆ రోజు నేను చేసింది చేశాను.

సాయంత్రం ఆరు గంటలకు మొదలుపెట్టాం. ముందు కుర్చీల్లో మెళ్లో గుర్తింపు కార్డులు వేసుకున్న ఉద్యోగులు, వాళ్ల పిల్లలు. సినిమా పాటలు పాడతామనుకుని వచ్చినట్టున్నారు. వెనకాల పక్క బిల్డింగు కూలీలు పని ఆపి ఇనుప చువ్వల మధ్య నిలబడి చూస్తున్నారు. మొదటి పాటకు పిల్లలు చెవులు మూసుకున్నారు. రెండో పాటకు కొందరు లేచి నిలబడ్డారు, తల ఊపుతున్నారు. జనం మెల్లగా మా వైపు వస్తున్నారు.

రెండో పాట అవుతుండగా అతను కనిపించాడు. స్టేజికి కుడివైపు జనరేటర్ బండి పక్కన మెడకు మఫ్లర్ చుట్టుకుని నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నాలుగు నెలల తర్వాత చూడటం. అతని చూపు నా మీద లేదు, ఆ అమ్మాయి మీద ఉంది. తన చోట వేరొకరు నిలబడి తన పాట పాడితే మనిషి ఎట్లా తట్టుకుంటాడు అనుకున్నాను.

మూడోది బండల పాట. మొదటి చరణం నడిచింది. రెండో చరణానికి ముందు నా దెబ్బలు రావాలి, ఆ తర్వాత ఆమె ఎత్తుకోవాలి. నేను చేతులు ఎత్తి, దించేశాను. కర్రలు ఒళ్లో పెట్టుకున్నాను.

నేను ఆగగానే గిటారిస్టు, బేస్ అతను కూడా తడబడి ఆగారు. మోత అంతా ఒక్కసారి పోయింది. జనరేటర్ చప్పుడు వినిపించింది. ఎవరో నవ్వారు. ఆమె చరణం ఎత్తుకోబోయి, వెనక నేల లేనట్టు ఒక్క క్షణం ఊగింది.

అప్పుడు వెనక్కి తిరిగింది. పదేళ్లలో ఒక గాయకుడి ముఖం పాట మధ్యలో నేను చూడటం అదే మొదటిసారి. చెమట పట్టి ఉంది. కోపం లేదు. భయం ఉంది, అది కనిపించకూడదన్న పట్టుదల ఉంది.

"అన్నా, వస్తవా?" అంది. మైకులో అందరికీ వినపడింది. మళ్లీ నవ్వులు.

నేను కదల్లేదు. కావాలని కదల్లేదో, కదల్లేకపోయానో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆమె ఇంకొక్క క్షణం చూసి ముందుకు తిరిగింది. చెక్క స్టేజి మీద కుడికాలితో దబ్, దబ్ అని తొక్కుతూ తాళం పట్టుకుని, ఒంటిగా చరణం ఎత్తుకుంది. "ఈ దెబ్బ ఎవరిది" అంటుంటే వెనక చువ్వల మధ్య ఉన్న కూలీల్లో ఎవరో ఇనుప చువ్వ మీద కొట్టారు. ఇంకొకరు అందుకున్నారు. బేస్ అతను మెల్లగా కలిశాడు. ఒక చరణం మొత్తం నేను శ్రోతగా కూర్చున్నాను. అప్పుడే మొదటిసారి ఆ పాటలో మాటలన్నీ విన్నాను. అన్నేళ్లూ నా దెబ్బల లెక్కలో పడి వినలేదు. బండ పగలకొట్టేవాడికి ఆ జాగాలో తర్వాత నిలబడే హక్కు ఉండదని చెప్పే పాట అది. చువ్వల మధ్య నిలబడ్డవాళ్లకు అది నాకంటే ముందు అర్థమైంది.

చివరి చరణానికి కర్రలు తీసుకున్నాను. ఆమె అడిగిన చోట, మొదటి మాట అయ్యేదాకా ఆగి కొట్టాను. సరిగ్గా అతికింది. ఎంత బాగా అతికిందంటే నాకు సిగ్గేసింది. చప్పట్లు చాలాసేపు ఆగలేదు. జనం అది ముందే అనుకుని చేసిన ఏర్పాటు అనుకున్నారు. కంపెనీ పెద్దమనిషి ఒకాయన వచ్చి, "ఆ మధ్యలో సైలెన్స్ చాలా బాగుంది" అని నా చెయ్యి ఊపాడు.

జనరేటర్ వైపు చూశాను. అతను లేడు. భరించలేక వెళ్లిపోయాడు అనుకున్నాను.

సామాను సర్దుతుంటే ఆమె వైర్లు చుట్టుకుంటూ దగ్గరికి వచ్చింది. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను.

"వాడు చూసిండు. తట్టుకోలేకపోయిండు" అని వచ్చింది నా నోటి నుంచి.

"ఎవరు? మియాపూర్ అన్ననా?" అంది. "జనరేటర్ పొగ వడదని పోయిండన్నా. పొయ్యేముందు నాకు చెయ్యి ఊపిండు. నువ్వు చూడలే?"

నాకు అర్థం కాలేదు. ఆమె వైరు కింద పెట్టింది.

"క్యాసెట్ ఇచ్చింది ఆ అన్నే. వాళ్ల ఇంటామె మా కంపెనీల ఊడ్చే పనికి వస్తది, గట్ల తెలిసింది. ప్రతి బుధవారం పోతున్న. పలక మీద రాసి నేర్పుతడు. ఊపిరి యాడ తీసుకోవాలె, గొంతు యాడ పోతది, అన్ని. తాను పాడినట్టు పాడొద్దన్నడు. గట్ల పాడితే నా లెక్కనే ఐతవ్ అని రాసిండు."

"మాకెందుకు చెప్పలే?"

"వద్దన్నడు. నా మొఖం చూసి కాదు, నీ గొంతు ఇని ఒప్పుకోవాలె అని రాసిండు." కింద పెట్టిన వైరు మళ్లీ చేతిలోకి తీసుకుని అంది. "అన్నా, ఒకటి చెప్పాలె. తలుపు చప్పుడైతే చాలు, ఆయన అటు దిక్కే చూస్తడు. ఎవరి కోసం అని అడిగిన. నీ పేరు రాసిండు."

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. బ్యాండ్ ఇంకో రెండేళ్లు నడిచింది. గిటారిస్టు వేరే ఊరు వెళ్లలేదు. మాదాపూర్‌లో చాలా స్టేజీల మీద ఆమె పాడింది, నేను ఆమె ఊపిరికి వాయించాను. ఆ రోజు గురించి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. పెళ్లయ్యాక పాట మానలేదు, ఊరు మారింది, అక్కడ వేరే బ్యాండ్‌లో చేరింది. వెళ్లేటప్పుడు, "పోయొస్త అన్నా" అంది. "మంచిది చెల్లె" అన్నాను. ఆ మాట అనడానికి నాకు రెండేళ్లు పట్టింది.

నేను మియాపూర్ వెళ్లింది మాత్రం ఆ స్టేజి అయిన మర్నాడే. పొద్దున పది గంటలు. అతని భార్య తలుపు తీసి పక్కకు జరిగింది. అతను మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి కాళ్లు ముడుచుకుని చోటు ఇచ్చాడు. కూర్చున్నాను. ఆమె టీ పెట్టి పనికి వెళ్లిపోయింది. ఇద్దరం టీ తాగాం. నాలుగు నెలల గురించి ఎలా మొదలుపెట్టాలో తెలియక గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

అతను కిటికీ గట్టు మీంచి పలక తీసుకుని రాశాడు. "మూడో పాటల ఎందుకు ఆగినవ్?"

నిజం చెప్పాలనే వచ్చాను. దారంతా మాటలు కూడబెట్టుకున్నాను.

"చెయ్యి పట్టేసింది" అన్నాను.

అతను నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. పదేళ్లు నేను అతని వీపు చూశాను, అతను నా దెబ్బ విన్నాడు. నా చెయ్యి ఎప్పుడు పట్టేస్తుందో, ఎప్పుడు పట్టెయ్యదో అతనికి తెలియకుండా ఉంటుందా? అరచేత్తో పలక తుడిచి మళ్లీ రాశాడు.

"ఇప్పుడు తగ్గిందా?"

"తగ్గింది" అన్నాను.

తల ఊపి పలక పక్కన పెట్టేశాడు. ఆ గదిలో మాట్లాడగలిగినవాణ్ని నేనొక్కణ్నే. ఇంకొక్క మాట కూడా మాట్లాడలేకపోయాను.